కూలి అంటే ఏం కూలి?

మా మెడికల్ కాలేజీ పాత విద్యార్థుల సంచికకు వ్యాసం అడిగినప్పుడు సంపాదకవర్గంలోని మిత్రుడు ఒక షరతు పెట్టాడు. మెస్సు సాంబారు మీద, క్రికెట్ మీద కావలసినన్ని వ్యాసాలు వచ్చాయట, ఇంకేదైనా రాయమన్నాడు. నాకూ అదే కావాలి. మాది పెరంబూరు. రోజూ ఇంటి నుంచి బస్సులో వచ్చి వెళ్లినవాణ్ణి, హాస్టల్ కబుర్లు నా దగ్గర లేవు. కాలేజీ అనగానే నాకు గుర్తొచ్చేవి వార్డులే. అందులోనూ పొద్దున్నే రౌండ్స్‌లో, రెండు మంచాల మధ్య ఇరుక్కుని నిలబడి, పెద్దవాళ్లు రోగుల గురించి వాదించుకుంటుంటే విన్న గంటలు.

ఎనభైల నడుమ సంగతి ఇది. ఏడాదిన్నర పాటు అనాటమీ హాల్లో ఫార్మలిన్ పీల్చాక మమ్మల్ని మెడిసిన్ వార్డులోకి వదిలారు. ముందు చీఫ్. మద్రాసులో యూనిట్ పెద్దను అలాగే అంటారు, పేరు పెట్టి ప్రస్తావించడం అరుదు. ఆయన పక్కన అసిస్టెంట్లు, వాళ్లను ఆనుకుని కేసు చెప్పవలసిన పీజీ (పై చదువు చదువుతున్న డాక్టరు), చంకలో కేస్ షీట్ల దొంతరతో హౌస్ సర్జన్, టెంపరేచర్ చార్టుతో సిస్టర్. మిగిలిన చోటు మాది. అంటే రోగి కాళ్ల దగ్గర, ఒకరి భుజం మీదుగా ఒకరం. మంచాలు చాలక చాప మీద పడుకున్నవాళ్లూ ఉండేవారు. వాళ్ల దగ్గరికి వచ్చేసరికి చీఫ్ కూడా పంచె మడిచినట్టు ప్యాంటు పైకి లాక్కుని నేల మీద కూర్చోవలసిందే. ఆయన కూర్చుంటే మేమంతా కూర్చోవాలి. వార్డు మధ్యలో సభ జరుగుతున్నట్టు ఉండేది.

కేసు చెప్పడానికి ఒక వరస ఉంది, అది మీకందరికీ కంఠతా వచ్చు. పేరు, వయసు, ఊరు, వృత్తి. వచ్చిన బాధలు, ఎన్నాళ్ల నుంచో కాలక్రమంలో. ఇంతకుముందు జబ్బులు, ఇంట్లోవాళ్ల జబ్బులు, అలవాట్లు. ఆ తరువాత పరీక్ష: చూడటం, తాకడం, తట్టడం, వినడం. మా బ్యాచ్‌లో కొందరు రక్తహీనత లేదు, కామెర్లు లేవు, నీలిరంగు లేదు, గోళ్లు ఉబ్బలేదు, గ్రంథులు తగలలేదు, కాళ్ల వాపు లేదు అని విష్ణు సహస్రనామం చదివినట్టు ఊపిరి తీసుకోకుండా చెప్పేసేవారు. చీఫ్‌కు అది నచ్చేది కాదు. "లేనివి ఇన్ని చెబుతున్నావు, అందులో ఈ మనిషికి పనికొచ్చే లేమి ఏది?" అనేవారు. ఆయాసంతో వచ్చినవాడు వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోగలుగుతున్నాడంటే, గుండె ఎడమ భాగం చేతులెత్తేసిందన్న అనుమానం అక్కడే కొంత సన్నగిల్లుతుంది. అలాంటి "లేదు" ఒక్కటి చెబితే చాలు ఆయనకు.

రోగ నిర్ధారణ చెప్పడంలోనూ ఆయనకు పట్టింపులుండేవి. అప్పట్లో వార్డు నిండా రుమాటిక్ గుండెజబ్బు. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలైన జ్వరం కీళ్ల మీదుగా వెళ్లి గుండె కవాటం మీద కూర్చుంటుంది. పెళ్లయి, మొదటి కానుపు నాటికి ఆయాసం బయటపడుతుంది. ఆ అమ్మాయిని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, స్టెతస్కోపు గంటను తేలిగ్గా ఆనించి, ఊపిరి వదలమని చెప్పి వింటే దూరాన ఉరుమినట్టు చిన్న శబ్దం. అది వినిపిస్తే సగం పనే అయినట్టు. "మైట్రల్ స్టెనోసిస్ సార్" అని, అంటే మైట్రల్ కవాటం సన్నబడిందని, చెప్పి ఊరుకుంటే చీఫ్ పక్క మంచం వైపు తిరిగేవారు కాదు. కారణం ఏమిటి, ఏ కవాటం, ఎంత సన్నబడింది, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగిందా, ఫెయిల్యూర్‌లో ఉందా, లయ సరిగా ఉందా, ఎండోకార్డైటిస్ (కవాటానికి క్రిములు పట్టడం) సూచనలున్నాయా: ఇవన్నీ ఒక్క వాక్యంలో రావాలి. గుండెను తెర మీద చూపించే ఎకో యంత్రం అందుబాటులో లేని వార్డులో ఆ వాక్యమే ఎకో రిపోర్టు. అయితే ఒకే అమ్మాయి గుండె మీద వరసగా అంతమందిమి చెవి పెట్టడం మాత్రం నాకు అప్పుడూ ఇబ్బందిగానే ఉండేది. మా సిస్టర్ కొంతసేపు ఓపిక పట్టి, ఆ తరువాత తెర లాగేసేది. చీఫ్ సహా ఎవరూ మారు మాట్లాడేవారు కాదు.

ఇక వృత్తి సంగతి.

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట వైపు నుంచి రైలెక్కి సెంట్రల్‌లో దిగి పెద్దాసుపత్రులకు వచ్చే తెలుగువాళ్లు ఎప్పుడూ ఉండేవారు. మా యూనిట్‌లో తెలుగు వచ్చినవాళ్లం ఇద్దరమే. అందుకని చివర నిలబడవలసిన నేను అప్పుడప్పుడు ముందు వరసకు వచ్చేవాణ్ణి. ఆ రోజు మంచం మీద ఉన్నాయన నలభై దాటని మనిషి, మార్కాపురం దగ్గర పల్లె. మద్రాసులో బావమరిది ఉంటే అతని దగ్గరికి వచ్చాడు. దగ్గు, ఆయాసం, చిక్కిపోవడం. ఊళ్లో రెండు విడతలు క్షయ మందులు వాడారు, తగ్గలేదు. కఫంలో క్రిములు ఒక్కసారీ కనపడలేదు. మా బ్యాచ్‌మేట్ ఒకడు కేసు చెప్పాడు. ఎవరో ఇప్పుడు చెప్పను, ఈ సంచిక అతనూ చదువుతాడు. పీజీ ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టుకుని పై భాగాల్లో మచ్చలు చూపించి, మందులు సరిగా మింగని క్షయ అన్నాడు. ఒక అసిస్టెంటు, మందులకు లొంగని క్షయ అన్నారు. ఇద్దరూ మర్యాదగా వాదించుకుంటున్నారు.

చీఫ్ కేస్ షీటు మొదటి పేజీకి వెళ్లారు. "వృత్తి: కూలి అని రాశావు. కూలి అంటే ఏం కూలి?"

మా కేస్ షీట్లలో మగవాళ్లలో సగంమంది కూలీలే, ఆడవాళ్లలో దాదాపు అందరూ గృహిణులే. ఆ గడి నింపడం అంతటితో సరి. మా బ్యాచ్‌మేట్ నావైపు చూశాడు, నేను రోగిని అడిగాను. పలకల పని అన్నాడు. మనం బడిలో అక్షరాలు దిద్దిన పలకలు, మార్కాపురం వాటికి పేరుమోసిన చోటు. రాయిని మిషన్ మీద కోస్తారు. "కోసేటప్పుడు ఎదురుగా ఉన్న మనిషి కనపడడు సార్, అంత దుమ్ము" అన్నాడు. నేను అది ఇంగ్లీషులో చెప్పేలోగానే చీఫ్ ఎక్స్‌రే మళ్లీ అడిగి తీసుకున్నారు. ఊపిరితిత్తుల మొదట్లో ఉన్న గ్రంథుల చుట్టూ కోడిగుడ్డు పెంకులా సన్నటి తెల్లటి గీత. ఆ గీత అంతసేపూ అక్కడే ఉంది.

అప్పుడు మొదలైంది అసలు చర్చ. ఇది సిలికోసిస్, రాతి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. మరి క్షయ లేనట్టేనా? అలా కొట్టిపారేయడానికి లేదు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లోని కాపలా కణాలను చంపుతుంది, క్షయ క్రిమిని మింగి అదుపులో పెట్టవలసినవి ఆ కణాలే. కాబట్టి సిలికోసిస్ ఉన్నవాడికి క్షయ రావడం మామూలుకంటే ఎక్కువ. కఫాన్ని కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్షకు) పంపి ఆగాలని ఒకరు, ఆగితే ఆలస్యమవుతుందని ఒకరు. ఫ్యాక్టరీల చట్టం 1948 ప్రకారం ఇది ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బు అని చీఫ్ గుర్తు చేశారు. చిన్న పలకల షెడ్డును ఆ చట్టం ఫ్యాక్టరీగా లెక్కిస్తుందా అని ఒక అసిస్టెంటు అడిగారు. దానికి మెడిసిన్ పుస్తకంలో జవాబు లేదు. ఇటలీలో రామజ్జినీ అనే వైద్యుడు 1700లోనే వృత్తుల జబ్బుల మీద పుస్తకం రాసి, రోగిని అడిగే ప్రశ్నలకు "నువ్వేం పని చేస్తావు" అన్నది కూడా చేర్చమన్నాడని చీఫ్ చెప్పింది ఆ మంచం దగ్గరే. పరీక్షలో ఆ పేరు ఎవరూ అడగలేదు. నాకు మాత్రం మిగిలిపోయింది.

ఇంత గొప్ప చర్చ చేసి ఊరేగింపు పక్క మంచానికి కదిలింది. ఇక్కడ మా చీఫ్‌ను మెచ్చుకోలేను. ఆయన మా అందరికీ చెప్పారు, మంచం మీది మనిషికి చెప్పలేదు. ఆయన ఒక్కడే కాదు, ఆ తరం పెద్దల్లో చాలామందిదీ ఇదే తీరు. అతను నా చొక్కా అంచు పట్టుకుని ఆపాడు.

"సార్, నాకు టీబీనా కాదా?"

నాకు చేతనైనంతలో చెప్పాను: రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని, అందుకే ఆయాసమని.

"అది మాకు తెలుసు సార్. మా ఊళ్లో పలకల పనికి పోయేవాళ్లందరికీ తెలుసు. ఆ మందు బిళ్లలు ఇంక మింగాలా వద్దా, అది చెప్పండి."

నా దగ్గర జవాబు లేదు. కల్చర్ రిపోర్టు రావాలి అన్నాను. అతను పని మానేసి అప్పటికే చాలా కాలమైందట. మానేసినా ఆ జబ్బు పెరుగుతూనే ఉంటుందని తరువాత పుస్తకంలో చదివాను. ఇప్పుడు కొడుకు పోతున్నాడు ఆ పనికి. ఈ ముక్క మరుసటి రౌండ్స్‌లో చీఫ్‌కు చెబితే కొడుకును తీసుకురమ్మన్నారు. ఆ అబ్బాయి వచ్చాడు, ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. మూతికి గుడ్డ ఒక్కటే చాలదనీ, రాయి మీద నీళ్లు పారిస్తూ కోయాలనీ చీఫ్ చెప్పారు, నేను తెలుగులో చెప్పాను. నీళ్లు పారించడం షెడ్డు యజమాని చేతిలో పని. ఆ యజమాని మా రౌండ్స్‌కు రాడు.

రోగికి తెలియకూడదనుకున్న మాటలకు మారు పేర్లుండేవి. క్షయ అయితే కాక్స్, కుష్ఠు అయితే హాన్సెన్స్, సిఫిలిస్ అయితే లూయీస్, క్యాన్సర్ అయితే మైటోటిక్. ఎవరి దగ్గర దాస్తున్నామో నాకు తెలియదు. మా వార్డు మూలన ఉండే పెద్దాయన ఒకరు, గుండె ఫెయిల్యూర్‌తో పదే పదే వచ్చి చేరేవారు, కొత్తగా చేరినవాళ్లకు ఈ నిఘంటువు మొత్తం అప్పజెప్పేవారు. "మైటోటిక్ అంటే మీవాళ్లను పిలిపించుకో, కాక్స్ అంటే భయం లేదు, బిళ్లలిస్తారు" అని. రెండో సగం ఆయన సరిగానే చెప్పారు. క్షయ రోగిని శానిటోరియంలో పెట్టనక్కర్లేదు, ఇంట్లోనే ఉంచి మందులిచ్చినా అంతే బాగా నయమవుతుందని ప్రపంచానికి చూపించింది యాభైల చివర మన మద్రాసులో జరిగిన పరిశోధనే.

ఆ తరువాత 1986 వచ్చింది. దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులను డాక్టర్ సునీతి సోలమన్ గారి బృందం మన నగరంలోనే గుర్తించింది. రౌండ్స్‌లో గొంతులు తగ్గాయి, మాట తగ్గలేదు. కేస్ షీటు మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, దాన్ని అందరికీ కనపడేలా మంచం కాళ్ల వైపు వేలాడదీసి, పేరు మాత్రం గుసగుసగా పలికితే రహస్యం ఎలా నిలుస్తుంది? అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదని చట్టం రావడానికి 2017 దాకా పట్టింది.

ఇప్పుడు నేను పనిచేసే చోట రౌండ్స్ కంప్యూటర్ బల్ల చుట్టూ మొదలవుతాయి. స్కాన్ ముందు, మనిషి తరువాత. పాతదే మేలని అనను. గుండె శబ్దం విని మేము గంటసేపు వాదించుకున్నది ఎకో క్షణంలో తేల్చేస్తుంది, ఆ అమ్మాయిని అంతమంది తాకనక్కర్లేదు. పైగా ఇప్పటి పిల్లలు రోగితో నేరుగా మాట్లాడతారు, ఏ జబ్బో చెబుతారు, మా కాలంలో లేని మంచి అలవాటు అది. కాని కంప్యూటర్‌లో వృత్తి గడి తెరిస్తే జాబితా ఒకటి కిందికి జారుతుంది. అందులో "ఇతరములు" అన్నది నొక్కితే పని అయిపోతుంది. మా జూనియర్లు దాన్నే నొక్కుతారు. నేను తిరిగి పంపిస్తాను. వాళ్లు నన్ను ఏమనుకుంటున్నారో నాకు తెలుసు, మేమూ మా చీఫ్‌ను అదే అనుకున్నాం.

ఈ డిసెంబరు సమావేశంలో భోజనాలకు ముందు ఒక ఉత్తుత్తి రౌండ్స్ పెడదామని కమిటీకి రాశాను, ఒప్పుకున్నారు. రోగిగా నేను పడుకుంటాను, మోకాళ్ల నొప్పి నిజమైనదే. కేసు చెప్పవలసింది ఆనాటి పలకల కేసు చెప్పిన మిత్రుడే. ఇప్పుడు నెల్లూరులో పేరున్న ఊపిరితిత్తుల డాక్టరు, తప్పించుకోవడానికి వీల్లేదు. వృత్తి దగ్గర "రిటైర్డ్" అని రాస్తే మాత్రం ఊరుకోను.