ఆరుగురి మెస్సు, ఒక్క పొయ్యి

మా రూములో బియ్యం కొలిచేది ఖాళీ పాలపొడి డబ్బాతో. రాత్రికీ, మర్నాడు సైటుకు పట్టుకెళ్ళే టిఫిన్లకీ కలిపి ఆరుగురికి మూడు డబ్బాలు, అంటే రెండు కిలోల పైచిలుకు. ఈ కొలత పెట్టింది మేమంతా ‘కాక’ అని పిలిచే పెద్దాయన. నిర్మల్ దిక్కు మనిషి, నేను వచ్చేసరికే ఆయనకు దుబాయ్‌లో పదిహేనేళ్ళు దాటాయి. అందరం డబ్బులేసుకుని కలిసి వండుకునే మా మెస్సు లెక్కల పుస్తకం, కారం డబ్బా, గరిటె మూడూ ఆయన మంచం కిందే ఉండేవి.

నేను వచ్చింది 2018 చివర్లో, జగిత్యాల జిల్లా నుంచి. క్యాంపు సోనాపూర్‌లో, కాగితాల్లో దాని పేరు ముహైస్నా. పని సెంట్రింగ్, జీతం 900 దిర్హాములు, ఓటీ (ఓవర్‌టైం) దొరికితే ఇంకో రెండు మూడు వందలు. ఏజెంటుకు కట్టిన డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది కాబట్టి నాకు పగలూ రాత్రీ ఆ వడ్డీ టెన్షనే. తిండి మీద ఎంత తగ్గిస్తే ఇంటికి అంత ఎక్కువ పోతుందని లెక్క వేసుకున్నాను. మెస్సులో చేరమంటే మనిషికి నెలకు 200 దిర్హాములు అడుగుతున్నారు, మన రూపాయల్లో అప్పటికే నాలుగు వేలకు దగ్గర, ఊళ్ళో మా ఇంటిల్లిపాదికీ నెలకు సరిపోయే సామాను. చేరలేదు. పొద్దున చాయ్, మధ్యాహ్నం కుబూస్ అనే అరబ్బు రొట్టె ఒక ప్యాకెట్టు, రాత్రికి మళ్ళీ కుబూస్, అందులోకి ఒక ఉల్లిగడ్డో ఇంటి నుంచి తెచ్చుకున్న మామిడి తొక్కో. ఇమో యాప్‌లో ఫోను చేస్తే అవ్వ రోజూ అడిగేది, ఏం కూర బిడ్డా అని. ఇవాళ కోడికూర అవ్వా అని చెప్పేవాణ్ణి.

మూడో నెలలో నాలుగో అంతస్తు స్లాబు మీద కళ్ళు తిరిగి కూర్చుండిపోయాను. చేతిలో ఇనుప పైపు ఉంది. అది జారి కింద పడి ఉంటే కింద ఆరుగురు పనిచేస్తున్నారు, ఈ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నా చేతులు చల్లబడుతున్నాయి. ఆ రాత్రి కాక నా మంచం దగ్గరికి వచ్చి కంచం ముందు పెట్టాడు. "కడుపు కట్టుకొని ఎన్ని పైసలు పంపుతవ్ తమ్మీ? నువ్వు పడితే వడ్డీ ఎవడు కడతడు?" అన్నాడు, అంతే, ఇంకేమీ అనలేదు. కంచంలో అన్నం, ఎర్రపప్పు, పక్కన వేయించిన ఎండుమిరపకాయ. మరుసటి నెల నుంచి నేను కూడా మెస్సులో ఉన్నాను.

ఎర్రపప్పు అంటే మైసూరు పప్పు. మన ఇళ్ళలో కందిపప్పుకే గౌరవం, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గల్ఫ్‌లో మాత్రం రూము వంటకు దీన్ని మించింది లేదంటాను. కందిపప్పు కంటే చవక, పైగా నానబెట్టక్కర్లేదు, కుక్కరూ అక్కర్లేదు, మామూలు గిన్నెలో పావుగంటలో మెత్తబడుతుంది. మా క్యాంపు వంటగదిలో వంతు వచ్చాక రూముకు దొరికేది ఒక్క పొయ్యి, రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా గిన్నె పట్టుకుని వరుసలో నిలబడాలి, మన వెనక ఇంకో రూమువాళ్ళు నిలబడి ఉంటారు, అలాంటి చోట పావుగంటలో ఉడికే పప్పు విలువ ఎంతో అక్కడ నిలబడినవాళ్ళకే తెలుస్తుంది. ఆరుగురికి గ్లాసున్నర పప్పు, రెండుసార్లు కడిగి, పసుపు, నాలుగు పచ్చిమిరపకాయలు, రెండు టమాటాలు వేసి పొయ్యి మీద పెడితే మొదట తెల్లటి నురగ పొంగుతుంది, అది గరిటెతో తీసేయాలి. ఉప్పు చివర్లో. పప్పు గింజ కనిపించకుండా కలిసిపోయాక దించేయాలి.

రుచంతా పోపులో ఉంది. కాక ఎన్నడూ పోపు దగ్గర పీనాసితనం చేయలేదు. నూనె కాగాక ఆవాలు చిటపటమనాలి, తర్వాత జీలకర్ర, తర్వాత ఎండుమిరపకాయలు, ఆ తర్వాత ఎనిమిది పది ఎల్లిపాయ రెబ్బలు పొట్టుతోనే గ్లాసు అడుగుతో చితక్కొట్టి వేసేవాడు. ఎల్లిపాయ అంచులు ఎర్రబడి, ఇంకొంచెం ఆగితే మాడుతుందనగా కరివేపాకు వేసి ఆ వెంటనే మొత్తం పప్పులో గుమ్మరించి మూత పెట్టేసేవాడు. రెండు నిమిషాలు మూత తీయనిచ్చేవాడు కాదు. ఆ రెండు నిమిషాల్లో పక్క పొయ్యి దగ్గరి బంగ్లాదేశ్ వాళ్ళు కూడా మా గిన్నె వైపు చూసేవాళ్ళు.

రాత్రి వంట ఒక ఎత్తు, మధ్యాహ్నం టిఫిన్ ఒక ఎత్తు. కొత్తగా వచ్చేవాళ్ళకు ఇది ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ చట్టం, ఆ వేళ నీడన కూర్చుని టిఫిన్ విప్పుతాం. ఆ టిఫిన్ తెల్లవారుజామున నాలుగింటికి సర్దినది. ఎనిమిది గంటలు సంచిలో, 45 డిగ్రీల దాకా ఎక్కే ఎండలో ఉంటుంది. నా మొదటి ఎండాకాలం మూత తీస్తే పప్పు పుల్లటి వాసన, వేలితో తీస్తే తీగ సాగింది. పారబోసి నీళ్ళు తాగి పడుకున్నాను. వారంలో ఇది మూడుసార్లు జరిగితే మనిషి ఏం పని చేస్తాడు?

అప్పటి నుంచి మేము నేర్చుకున్నది ఏమిటంటే, వేడి అన్నం మీద మూత పెట్టకూడదు. లేవగానే అన్నం పెద్ద పళ్ళెంలో పరిచి ఫ్యాను కింద పెట్టి, ముఖాలు కడుక్కుని బట్టలు వేసుకుని వచ్చేసరికి అది చల్లారుతుంది, అప్పుడు సర్దాలి. ఎండాకాలంలో పప్పు, కొబ్బరి, ఆలుగడ్డ టిఫిన్లోకి వద్దు. చింతపండు బాగా పట్టించిన పులిహోర నిలుస్తుంది. నీరు ఇగిరిపోయేదాకా వేయించిన దొండకాయ, కాకరకాయ నిలుస్తాయి. ఎల్లిపాయ కారం, నువ్వుల పొడి, అవిసెగింజల కారం, ఇవి ఇంటి నుంచి వచ్చినవి ఎప్పుడూ ఉంటాయి, రెండు చెంచాలు అన్నం మీద వేసి కాస్త నూనె పోస్తే పూట గడుస్తుంది. ఇంకోటి మా పక్క రూము రాయలసీమ అన్న చెప్పాడు. చల్లారిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక్క అర చెంచా పెరుగు మాత్రమే వేసి కలిపి పట్టుకెళ్ళమన్నాడు. పెరుగు ఎక్కువ వేస్తే పదింటికే పులుస్తుంది, అర చెంచా వేస్తే సరిగ్గా తినే వేళకు తియ్యటి పెరుగన్నం తయారవుతుంది. ఆ రోజు నుంచి ఎండాకాలంలో నా టిఫిన్లో కింది గిన్నె అదే.

ఆదివారం సెలవు, ఆ రోజు కోడి. బ్రెజిల్ నుంచి వచ్చే గడ్డకట్టిన కోడి ఇక్కడ అన్నిటికంటే చవకైన మాంసం, కాకపోతే దాన్ని హడావుడిగా వండితే రబ్బరులా ఉంటుంది, రుచీ పచీ ఉండదు. ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలో పెట్టి మెల్లగా కరగనివ్వాలి, నీళ్ళు పూర్తిగా వంచేసి ఉప్పు, పసుపు, కారం, అల్లం ఎల్లిపాయ పట్టించి గంట ఉంచితే మన కోడిలాగే ఊరుతుంది. రెండు కోళ్ళు, కిలో ఆలుగడ్డలు, ఆరుగురికి మధ్యాహ్నం రాత్రి రెండు పూటలు. మలయాళీలు మత్తి అనే చిన్న చేప కొంటారు, ఆ చేప కూడా చవకే, చింతపండు పులుసు పెడితే రెండో రోజు ఇంకా బాగుంటుంది. ఇక్కడ లబన్ అని చిక్కటి మజ్జిగ సీసాల్లో అమ్ముతారు, అరబ్బులు అలాగే తాగుతారు. మేము కాసిని నీళ్ళు కలిపి, పసుపు వేసి పోపు పెట్టి మజ్జిగచారు చేసుకుంటాం. పొయ్యి దొరకని రోజు పచ్చిపులుసు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఉప్పు, కొంచెం బెల్లం. మిగిలిన కుబూస్ ఎండిపోతే ముక్కలు చేసి ఉప్మాలా పోపు పెట్టుకుంటాం, అది నిజంగా బాగుంటుంది.

ఇంటి నుంచి ఏం తెచ్చుకోవాలని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. కారం, చింతపండు, పొడులు, తొక్కు తెచ్చుకోండి. గసగసాలు మాత్రం ఒక్క గింజ కూడా తేవద్దు. ఈ దేశంలో అవి మత్తుపదార్థం కింద లెక్క, ఎయిర్‌పోర్టులో దొరికితే జైలు దాకా పోవచ్చు. అవ్వలకు, ఇంటి ఆడవాళ్ళకు ఈ సంగతి తెలియదు, ప్రేమతో మసాలా పొడిలో కలిపి కట్టి ఇస్తారు. బయలుదేరే ముందు మీరే అడగండి, ఇందులో గసాలు వేశావా అని.

మెస్సు లెక్క ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2023 జూలై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. కొద్ది రోజుల్లోనే మా బకాలాలో, అంటే కిరాణా కొట్టులో, సోనామసూరి సంచి ధర పెరిగింది, తర్వాత కొన్ని రోజులు సంచే లేదు. అప్పుడు మా బాపు ఊళ్ళో వరి నాటు వేయించే పనిలో ఉన్నాడు. కోతలయ్యాక తన పంట వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో కాంటాకు ఎన్ని రోజులు వరుసలో ఉందో ఫోనులో చెప్పేవాడు, నేను ఇక్కడ పాకిస్తాన్ బియ్యం కొంటున్న సంగతి ఆయనకు చెప్పలేదు. ఆ బియ్యానికి నీళ్ళ కొలత వేరు, మొదటి వారం అన్నం కొన్నాళ్ళు ముద్ద, కొన్నాళ్ళు పలుకు. డిసెంబర్‌లో ఉల్లిగడ్డ ఎగుమతి కూడా ఆపారు. మనిషికి 20 దిర్హాములు పెంచకుండా ఎట్లా అని రాత్రంతా లెక్క వేసి, చివరికి వారంలో రెండు రాత్రులు అన్నం బదులు చపాతీ చేసి, ఉల్లిగడ్డ కోడికూరకే ఉంచి, పచ్చిపులుసులో వేయడం మానేసి నెట్టుకొచ్చాం. ఉల్లిగడ్డ మీద ఆంక్ష 2024 మేలో తీశారు, బియ్యం మీద సెప్టెంబర్‌లో.

అంతకంటే కష్టమైనది ఇంకోటి ఉంది. ఒక ఏడు మా కంపెనీ రెండు నెలలు జీతాలు వేయలేదు. అప్పుడు మమ్మల్ని సాకింది బకాలా నడిపే మలయాళీ చేట్టా (అన్న). ఆయన నోటు పుస్తకంలో మా రూము నంబరు రాసి బియ్యం, పప్పు, నూనె ఇస్తూనే ఉన్నాడు, ఎప్పుడిస్తారని ఒక్కసారి కూడా అడగలేదు. జీతం పడ్డ రాత్రి ఇంటికి పంపకముందే ఆరుగురం వెళ్ళి ఖాతా కట్టేశాం. విడివిడిగా తినేవాడికి అంత అప్పు పుట్టేది కాదని నా నమ్మకం, ఎవరో ఒకరు పారిపోయినా మిగతావాళ్ళు కడతారనే ధైర్యం మీదే ఆయన ఇచ్చాడు.

కాక కిందటి ఏడు ఇంటికి వెళ్ళిపోయాడు, ఇక రాడు. మోకాళ్ళు పోయాయి. పోయేముందు లెక్కల పుస్తకం నాకిచ్చాడు. ఏసీ పైపు కింద ఆయన పెట్టుకున్న రెండు పెయింటు బకెట్లు కూడా ఇప్పుడు నావే. వాటిలో గోంగూర ఉంది. విత్తనాలు వాళ్ళ ఇంటి నుంచి ఒక కాగితం పొట్లంలో వచ్చాయి, ఏసీ నుంచి కారే నీళ్ళతోనే పెరుగుతుంది, మనం ప్రత్యేకంగా నీళ్ళు పోయక్కర్లేదు. ఎండ ముదిరినప్పుడు మాత్రం పాత దుప్పటి పైన కట్టాలి. ఆకు కోసిన తర్వాత మళ్ళీ అంతా ఎదగడానికి మూడు వారాలు పడుతుంది. రెండు బకెట్ల ఆకూ కలిపితే ఆరుగురికి ఒక్క పూట పప్పుకు సరిపోతుంది, అది కూడా ఎర్రపప్పు కాస్త ఎక్కువ వేస్తేనే. గోంగూర పులుపు ఉంది కాబట్టి ఆ రోజు టమాటా వేయం, ఎల్లిపాయ మాత్రం రెట్టింపు.

కిందటి వారం చూస్తే కొత్త ఆకు బాగానే వచ్చింది. ఆదివారానికి కోయొచ్చు.