వేళ్ల నీడ

"ఇటు చూడమ్మా" అంటూ షాపాయన ప్లేటును ట్యూబ్‌లైటుకు ఎత్తి పట్టుకున్నాడు. వెనకున్న ఆయన నాలుగు వేళ్ల నీడ ప్లేటులోంచి కనిపించింది!

బీసెంట్ రోడ్డులో ఇది మూడో షాపు. పెళ్లికి ఏం కావాలే అంటే చెల్లి రాసిచ్చిన చీటీలో మొదటిది బోన్ చైనా డిన్నర్ సెట్టే.

మట్టిలో పశువుల ఎముకల బూడిద కలిపి కాలుస్తారు. అంత పల్చగా ఉన్నా గట్టిదే. గోటితో తడితే ఖంగుమంది.

అమ్మ పెళ్లికొచ్చిన స్టీలు గిన్నెల మీద ఇచ్చినవాళ్ల పేర్లు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటాయి. పప్పు వడ్డిస్తూ ఇప్పటికీ "ఇది మీ మేనత్త పెట్టింది" అంటుంది.

దీనిమీద అలా పేరు కొట్టించలేం. బంగారు అంచు లేనిదే తీసుకున్నా, మైక్రోవేవ్‌లో పెట్టుకోవచ్చని.

"అద్దాల బీరువాలో దాచకు, రోజూ ఇందులోనే తిను" అని రాసి పెట్టెలో పెట్టా.