కొలిచి ఇచ్చిన కుర్చీ

2001 జనవరి 26న, గణతంత్ర దినోత్సవం నాటి ఉదయం 8 గంటల 46 నిమిషాలకు గుజరాత్‌లోని కచ్ జిల్లాను కుదిపేసిన భూకంపంలో నా వెన్నెముక విరిగింది. మా వారి ఉద్యోగరీత్యా అప్పటికి కొన్నేళ్లుగా మేము భచావ్‌లో ఉంటున్నాము. భూకంప కేంద్రం ఆ పట్టణానికి దగ్గరలోనే, చోబారీ గ్రామ సమీపంలో ఉందనీ, తీవ్రత 7.7 అనీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎవరో పత్రిక చదివి వినిపించారు. మట్టి అడుసుతో రాళ్లు పేర్చి కట్టిన గోడలు ఆ ప్రాంతంలో చాలా ఎక్కువ. అటువంటి గోడకు పైబరువును మోసే బలం ఉంటుంది గాని పక్కకు ఊగితే నిలదొక్కుకునే పట్టు ఉండదు. మా వంటింటి గోడ కూలి, దాని మీది దూలం నా నడుము మీద పడింది. మా వారు జెండా వందనానికి వెళ్లి ఆరుబయట ఉండటం వల్ల బతికారు. ఆ భూకంపంలో దాదాపు 20,000 మంది చనిపోయారు, 1,60,000 మందికి పైగా గాయపడ్డారు. ఆ గాయపడినవారిలో నడుము కింద స్పర్శ కోల్పోయినవాళ్లం ఎలా బతికామో, మాకు అందిన సాయంలో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నన్ను శిథిలాల కింద నుంచి తీసినవారు పొరుగువారే. ఒకరు చంకల కింద, మరొకరు కాళ్ల దగ్గర పట్టుకుని ఎత్తారు. వాళ్ల చేతుల వల్లనే నేను ఈ రోజు ప్రాణాలతో ఉన్నాను. అయితే వెన్నుపూస విరిగిన మనిషిని అలా మధ్యలో వంగిపోయేలా ఎత్తితే, అప్పటికి నలిగి మాత్రమే ఉన్న వెన్నుపాము పూర్తిగా దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. తలను, మొండాన్ని, కాళ్లను ఒకే వరుసలో ఉంచి, ముగ్గురు నలుగురు కలిసి మనిషిని దుంగలా ఒక్కసారిగా పక్కకు దొర్లించి, కిందికి తలుపు చెక్క వంటిది జరిపి మోసుకుపోవాలి. భూకంపాలు వచ్చే ప్రాంతాలలో పాఠశాల పిల్లలకు కూడా నేర్పవలసిన సంగతి ఇది.

భుజ్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి కూడా ఆ రోజు కూలిపోవడం వల్ల క్షతగాత్రులకు మైదానాలలోనే కట్లు కట్టారు. ఆ రాత్రి చలిలో నేల మీద పడుకున్నప్పుడు నాకు నొప్పి కన్నా ఎక్కువ భయం కలిగించింది నా కాళ్లు నావి కావన్నట్టుగా ఉండటమే. అక్కడి నుంచి ఒక నగరంలోని పెద్ద ఆసుపత్రికి నన్ను తరలించారు. ఛాతీ భాగంలోని పన్నెండో పూస, నడుములోని మొదటి పూస కలిసే చోట ఎముక నలిగిపోయిందని అక్కడ చెప్పారు. పక్కటెముకల బిగింపు ఉన్న పైభాగానికీ, వంగడానికి వీలైన నడుము భాగానికీ మధ్య హద్దు అదే కాబట్టి, పైనుంచి బరువు పడినప్పుడు తరచుగా అక్కడే విరుగుతుందట. లోహపు కడ్డీలు, మరలు వేసి వెన్నెముకను నిలబెట్టారు. కుడి తొడ మీద కొంత స్పర్శ మిగిలి ఉండటాన్ని బట్టి నాది అసంపూర్ణమైన గాయమనీ, అంటే వెన్నుపాము పూర్తిగా దెబ్బతినలేదనీ, దెబ్బ తగిలిన కొత్తలో వెన్నుపాము తాత్కాలికంగా మొద్దుబారే షాకు తగ్గేదాకా ఎంత తిరిగి వస్తుందో ఎవరూ చెప్పలేరనీ శస్త్రచికిత్స చేసిన డాక్టరుగారు దాచకుండా చెప్పారు. ఆ నిజాయితీకి నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

శస్త్రచికిత్స బాగానే జరిగింది. నన్ను నెలల తరబడి మంచాన పడవేసింది ఒత్తిడి పుండు. స్పర్శ లేని చోట చర్మం నలుగుతున్నా మనకు తెలియదు. ఎముక ఉబ్బెత్తుగా ఉండే చోట ఒకే ఒత్తిడి గంటల తరబడి పడితే రక్తం అందక లోపలి కండ చచ్చిపోతుంది, పైకి మాత్రం మొదట చిన్న ఎర్రటి మచ్చే కనిపిస్తుంది. క్షతగాత్రులతో కిక్కిరిసిన వార్డులో ప్రతి రోగినీ రెండేసి గంటలకు ఒకసారి పక్కకు తిప్పేందుకు చేతులు చాలలేదు. పుండు మానక, చివరకు పక్కనున్న కండను జరిపి పూడ్చవలసి వచ్చింది. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో వెన్నుపాము గాయాల విభాగాన్ని ప్రారంభించిన లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు గురించి మా ఫిజియోథెరపిస్టు తరచుగా చెప్పేది. అంతకుముందు ఇటువంటి రోగులు చాలామంది ఈ పుండ్ల వల్లనో, మూత్రపిండాలకు పాకిన ఇన్ఫెక్షన్ వల్లనో చనిపోయేవారనీ, రాత్రింబవళ్లు వేళ తప్పకుండా పక్కకు తిప్పడం వంటి మామూలు పనులను ఆయన నియమంగా పెట్టి ఆ రాతను మార్చాడనీ విన్నప్పుడు, నా బతుకు దేని మీద ఆధారపడి ఉందో నాకు స్పష్టమయింది. ఆ తరువాత పడక మీద పక్కకు తిరగడం, చిన్న అద్దంతో వీపు కింది చర్మాన్ని రోజూ చూసుకోవడం, నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి క్యాథెటర్ అనే సన్నని గొట్టంతో మూత్రాన్ని నేనే తీసుకోవడం నేర్చుకున్నాను. ఈ చివరిది నేర్పిన నర్సు నా చుట్టూ తెర వేసి, ఎంత సమయం పట్టినా విసుక్కోకుండా నిలబడింది. ఆడదానికి ఆ తెర ఎంత అవసరమో ఆమెకు తెలుసు.

తిరిగి కచ్‌కు చేరుకునేసరికి సహాయ శిబిరంలో నాకు ఒక చక్రాల కుర్చీ ఇచ్చారు. మడిచే వీలున్న మామూలు ఆసుపత్రి కుర్చీ అది. దాన్ని ఇచ్చినవారి మనసు మంచిదే. కాని దాని వెడల్పు నాకు ఎక్కువై నేను ఒక పక్కకు ఒరిగిపోయేదాన్ని, రెక్సిన్ గుడ్డ కూర్చోగానే మధ్యలో జారి, తొడలు రెండూ దగ్గరకు నొక్కుకునేవి, మెత్త లేదు, ముందు చక్రాలు చిన్నవి కావడం వల్ల ఇసుకలో, రాళ్లపొడిలో కూరుకుపోయి కుర్చీ ముందుకు వాలేది. పూడ్చిన పుండు పక్కనే మళ్లీ ఎర్రబడింది. శిబిరంలో గుడారం పక్కన మడిచి పెట్టిన ఇటువంటి కుర్చీలు చాలా కనిపించేవి, వాటిలో కూర్చోవలసినవాళ్లు మాత్రం లోపల పడుకుని ఉండేవారు. కుర్చీ ఇచ్చినట్టు ఫొటో ఉంది, లెక్కలో అంకె ఉంది. మనిషి మాత్రం లేవలేదు.

మా నిధి అక్కడ మొదలయింది. గాయపడిన మేము కొందరం, మా ఫిజియోథెరపిస్టు, మా వారితో కలిసి పనిచేసే తెలుగువాళ్లు, ఇరుగుపొరుగు గుజరాతీ కుటుంబాలు కలిసి డబ్బు పోగుచేయడం ప్రారంభించాము. భూకంపం వార్తలలో ఉన్నంతకాలం డబ్బు సులువుగానే వచ్చింది. వచ్చిన డబ్బును ఎలా ఖర్చు పెట్టాలన్న దగ్గరే మాకు చిక్కు వచ్చింది. ఒక్కో కుర్చీతో పాటు ఒత్తిడిని పంచే మెత్త, కొలతలు తీసుకుని సరిచేసే ఖర్చు, తరువాతి మరమ్మతుకు కొంత సొమ్ము విడిగా పెట్టాలని మేము అడిగాము. అలా అయితే అదే డబ్బుకు కుర్చీల సంఖ్య బాగా తగ్గిపోతుంది. కోశాధికారిగా ఉన్న పెద్దాయన, మా వారికి పైఅధికారి, నా దగ్గరకు వచ్చి, "అమ్మా, దాతలు కుర్చీలెన్ని ఇచ్చారని అడుగుతారు గాని మెత్తలెన్ని ఇచ్చారని అడగరు కదా" అన్నారు. "బాబాయి గారూ, ఒక్క గంట కదలకుండా నా కుర్చీలో కూర్చుని చూడండి" అన్నాను. ఆయన నిజంగానే కూర్చున్నారు. గంట గడవకముందే అటూ ఇటూ జరగడం మొదలుపెట్టారు. "మీకు నొప్పి తెలుస్తుంది కాబట్టి జరుగుతున్నారు, మాకు ఆ నొప్పి తెలియదు" అన్న తరువాత ఆయన ఇంకేమీ వాదించలేదు. పైగా ఆ తరువాత దాతలతో మాట్లాడేటప్పుడు మెత్త గురించి మొదట చెప్పింది ఆయనే.

కొలతలు తీయడం మాకు మా ఫిజియోథెరపిస్టు నేర్పింది. మనిషిని గట్టి బల్ల మీద కూర్చోబెట్టి తుంటి వెడల్పు కొలవాలి. సీటు లోతు, మోకాలి వెనుక రెండు వేళ్లు పట్టే సందు మిగిలేలా ఉండాలి. పాదం ఆనించే పలక ఎత్తు సరిగా లేకపోతే బరువంతా పిరుదుల మీదనే పడుతుంది. ఊళ్లలో ఉండేవాళ్లకు ముందు ఒకే పెద్ద చక్రం, వెనుక రెండు చక్రాలు ఉండి, పొడవుగా, ముందుకు పడిపోకుండా ఉండే మూడు చక్రాల కుర్చీ బాగా పనికి వచ్చింది. పట్టణంలో ఇరుకు గదుల మధ్య తిరిగేవాళ్లకు నాలుగు చక్రాలదే నయం. సైకిలు టైరు, ట్యూబు, బేరింగు సరిపోయే కుర్చీలనే ఎంచుకున్నాము, ఎందుకంటే సైకిళ్లు బాగుచేసే మనిషి లేని ఊరు ఉండదు. చేతులు ఆనించే కడ్డీ ఊడి వచ్చేదిగా ఉంటే మంచం మీదికి పక్కగా జరిగి మారవచ్చు. అందుకు మంచం ఎత్తు సీటు ఎత్తుతో సమానంగా ఉండాలి కాబట్టి చాలా ఇళ్లలో మంచం కోళ్ల కింద చెక్కముక్కలు పెట్టించాము.

ఇంటింటికీ వెళ్లినప్పుడు మేము ఊహించని అవసరాలు బయటపడ్డాయి. నా వయసే ఉన్న ఒకామె, నన్ను బెన్ (గుజరాతీలో అక్క, చెల్లి) అని పిలుస్తూ ఎంతో ఆత్మీయంగా మాట్లాడుతూనే, పగలంతా నీళ్లు తాగడం మానేశానని మెల్లగా చెప్పింది. మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పట్టదు, ఎవరైనా మోసుకుపోవాలి, మగవాళ్లను అడగడం ఆమె వల్ల కాదు. నీళ్లు తాగకపోవడం వల్ల ఆమెకు పదేపదే మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం. ఆమెకు కావలసింది వెడల్పాటి తలుపు, ఎత్తైన కూర్చునే దొడ్డి, గోడకు ఒక కడ్డీ. అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు చొప్పున గడప దగ్గర వాలుదారి కూడా కట్టించాము. కుర్చీ కొనడానికి డబ్బిచ్చినంత సులువుగా మరుగుదొడ్డికి ఎవరూ ఇవ్వరు. అందుకే విరాళాలను ఈ పనికి, ఆ పనికి అని విడదీయకుండా ఒకే నిధిగా ఉంచి, ముగ్గురు సంతకం చేస్తేనే సొమ్ము తీసేలా నియమం పెట్టుకుని, ప్రతి నెలా జమాఖర్చులను రాసి అందరికీ కనిపించే గోడకు అంటించాము. స్త్రీల ఇళ్లకు స్త్రీలే వెళ్లాలన్నది కూడా నియమంగానే పెట్టుకున్నాము. అది లేకపోతే ఆమె నీళ్ల సంగతి మాకెప్పటికీ తెలిసేది కాదు.

నా మట్టుకు నాకు బలం మెల్లగా వచ్చింది. కుడి కాలు కొంత, ఎడమ కాలు అంతకన్నా తక్కువగా కదిలాయి. ఇంట్లో క్యాలిపర్లు, అంటే కాళ్లకు ఊతమిచ్చే కడ్డీ పట్టీలు, వేసుకుని, వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయగలను. బయటకు వెళ్లేటప్పుడు, పని చేసేటప్పుడు కుర్చీయే. నడక రావడాన్నే కోలుకోవడంగా చూసే బంధువులు నా కుర్చీని చూసి ఇప్పటికీ కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఒంటిమీద పుండు లేకుండా, జ్వరం లేకుండా, ఎవరినీ మోయమనకుండా రోజంతా పనిచేసుకోగలగడం నాకు ఎంత పెద్ద ఆరోగ్యమో వాళ్లకు చెప్పడానికి ప్రయత్నిస్తూనే ఉంటాను. సరిగ్గా అమరిన కుర్చీ, పదిహేను నిమిషాలకో అరగంటకో ఒకసారి చేతుల మీద ఒళ్లు పైకి ఎత్తుకునే అలవాటు, ఈ రెండూ నాకు శస్త్రచికిత్సతో సమానం.

2004లో భుజ్‌లో కొత్త ఆసుపత్రి తెరిచారు. భూమి ఊగినా భవనం అంతగా ఊగకుండా పునాదికీ పైకట్టడానికీ మధ్య రబ్బరు దిమ్మలు అమర్చి కట్టారు. కూలిన చోటే అటువంటి ఆసుపత్రి లేవడం చూసి మేమంతా సంతోషించాము. 2005 అక్టోబరు 8న కశ్మీరు ప్రాంతాన్ని కుదిపిన భూకంపంలో ఒక్క పాకిస్తాన్ వైపే 600 మందికి పైగా వెన్నుపాము దెబ్బతిన్నదని విన్నప్పుడు మాకు మొదట గుర్తుకు వచ్చినవి మెత్తలే. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చక్రాల కుర్చీల పంపిణీపై మార్గదర్శకాలు వెలువరించింది. మనిషిని పరీక్షించి, కొలిచి, అమర్చి, వాడకం నేర్పి, తరువాత కూడా వెళ్లి చూడాలని వాటిలో ఉందని మా ఫిజియోథెరపిస్టు చదివి చెప్పినప్పుడు, ఏ శిక్షణా లేని మేము కష్టపడి తెలుసుకున్నది సరైనదేనన్న ధైర్యం కలిగింది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, సాయం పంపుదామని సలహా అడిగినవారందరికీ నేను ఒకటే చెప్పాను: కుర్చీలు పంపే ముందు, అక్కడ కొలిచి అమర్చగలిగినవారు ఎవరున్నారో కనుక్కుని, వాళ్లకు ఏం కావాలో అడిగి పంపండి.

మా నిధి చిన్నదే అయినా ఆగిపోలేదు. ఫోమ్ మెత్త కొన్నేళ్లకే అణగారి గట్టిపడుతుంది, అప్పుడు అది ఉన్నా లేనట్టే. అందుకని ఏడాదికి ఒకసారి ప్రతి కుర్చీ దగ్గరకూ ఎవరో ఒకరు వెళ్లి, మెత్త కింద చెయ్యి పెట్టి ఎముక తగులుతున్నదేమో చూసి, బ్రేకు, టైరు, బేరింగులు పరీక్షించి వస్తారు. అప్పటి పిల్లలు పెద్దవాళ్లయి పాత కుర్చీలు చాలక కొత్త కొలతలు ఇస్తున్నారు. ఇప్పుడు మా ఖాతాలో కొత్త కుర్చీల పద్దు కన్నా మెత్తల పద్దే పెద్దది, దానికి ఏటా డబ్బు చాలడం లేదు. మాలాంటి నిధికి ఇవ్వదలచినవారు ఎవరైనా ఉంటే, దయచేసి ఆ పద్దుకు ఇవ్వండి.