ఏడో విడత కొంబుచా: ఈసారీ బుడగల్లేవు

నిన్న రాత్రి కొంబుచా (పులియబెట్టిన టీ) నింపిన, తీగతో బిగించే మూతల గాజు సీసాలు మూడు తెరిచాను. రెండింటిలో చిన్న చప్పుడు కూడా లేదు. మూడోది కాస్త ‘ఉస్’ అని ఆగిపోయింది. నాలుగు రోజులు ఎదురుచూసి గ్లాసులో పోస్తే చల్లారిన టీలా నిశ్చలంగా ఉంది. ప్రాణం ఉసూరుమంది.

జాడీలో చేసే మొదటి పులియబెట్టడం బ్రహ్మాండంగా కుదిరింది. తొమ్మిది రోజులు, పీహెచ్ 3.1.

తంటా అంతా బుడగల కోసం మూతపెట్టి మళ్లీ పులియబెట్టే సీసాల్లోనే. లీటరులో 4 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే సుమారు ఒక వాల్యూమ్ (అంటే ద్రవం ఎంతుందో అంతే పరిమాణం) గ్యాస్ పుడుతుంది. నాకు రెండున్నర కావాలి, అంటే 10 గ్రాములు. 750 మి.లీ. సీసాకు 75 మి.లీ. ఆపిల్ రసం పోశాను, అందులోనే దాదాపు 8 గ్రాముల చక్కెర ఉంటుంది. లీటరు లెక్కన 10 దాటుతుంది. పైన 3 సెం.మీ. ఖాళీ వదిలాను. గదిలో పగలు 22, రాత్రి 19 డిగ్రీలు. చక్కెర చాలలేదనడానికి లేదు.

ముందు చలి మీద అనుమానపడ్డాను. కానీ ఆరో విడత సీసాల్ని వేడినీళ్ల సంచితో పాటు డబ్బాలో పెట్టి 26 డిగ్రీల దగ్గర ఉంచినా ఇదే ఫలితం. తర్వాత ఈస్ట్ మీదకి పోయింది. నాలుగు, ఐదు విడతల్లో తేటగా ఉండాలని పైపైన వంచుకున్నాను, ఈస్టేమో జాడీ అడుగుకి దిగిపోతుంది. ఈసారి గరిటెతో బాగా కలిపి మరీ నింపాను. అల్లం ఈస్ట్‌ని చంపేస్తుందని కొందరంటారు, నేను నమ్మను. ఒట్టి అల్లం, చక్కెరతోనే బుడగల పానీయం చేసేవాళ్లు ఎంతమంది లేరు!

అసలు సంగతి పక్కనున్న ప్లాస్టిక్ సోడా సీసా బయటపెట్టింది. అదే ద్రవం, అదే రోజు, అదే అర. మూడో రోజుకే రాయిలా గట్టిపడింది, మూత తిప్పగానే నురగ పొంగి బల్ల తడిసింది. అంటే ఈస్ట్ బాగానే ఉంది, గాజు సీసాల మూతలే గ్యాస్‌ని వదిలేస్తున్నాయి.

ఇవాళ ఆ మూడింట్లో సోడా నింపి, తీగ బిగించి, ఊపి, నీళ్ల తొట్టిలో ముంచాను. ఒకదాంట్లో కీలుకి ఎదురు వైపు నుంచి సన్నటి బుడగల దారం. రబ్బరు వాషర్లు కొలిస్తే రెండు 2.1 మి.మీ., ‘ఉస్’ మన్నది 2.6. తీగ ఒకటే బిగువు కాబట్టి పల్చటి వాషర్ సరిగా నొక్కుకోవట్లేదేమో. కానీ 2.1 వాటిలో రెండోది నీళ్లలో అస్సలు కారలేదు. ఒత్తిడి బాగా పెరిగాకే వదులుతుందా? అది ఇంకా తేలలేదు. నా పాత గ్రోల్ష్ బీరు సీసా వాషర్ మెత్తగా, నిండుగా ఉంటుంది. పానీయాల కోసం చేసిన సీసాకీ, అలంకారానికి అమ్మే సీసాకీ తేడా అక్కడే.

రెస్టారెంట్లలో వైన్‌కి బదులు భోజనంతో కొంబుచా ఇవ్వడం పెరిగింది, నాకు చాలా సంతోషం. కుళాయి నుంచి వచ్చే ప్రతి గ్లాసులో బుడగలు ఒకేలా ఉంటాయంటే కెగ్ అనే లోహపు పీపాలో సిలిండర్ గ్యాస్ ఎక్కించడం వల్లే: 4 డిగ్రీల చల్లదనంలో 0.8 బార్ ఒత్తిడి దగ్గర పెడితే ఆ రెండున్నర వాల్యూములు వచ్చేస్తాయి. 2016లో పెప్సికో కెవిటా అనే కొంబుచా కంపెనీని, 2018లో కోకాకోలా ఆస్ట్రేలియాలోని మోజో అనే కొంబుచా బ్రాండ్‌ని కొన్న దగ్గర్నుంచి ఇది పెద్ద కంపెనీల సరుకు కూడా అయింది. భయమల్లా పులుపు తగ్గి తీపి పెరుగుతుందేమోనని. సీసాలో పుట్టిన బుడగే నాకిష్టం. ఇంట్లో సోడా చేసే సోడాస్ట్రీమ్ యంత్రంతో గ్యాస్ కొట్టమని సలహాలొచ్చాయి, అది నీళ్లకే బాగుంటుంది. రసం కలిసినదేదైనా పొంగిపోతుంది.

ఎనిమిదో విడతకి 3 మి.మీ. సిలికాన్ వాషర్లు తెప్పిస్తున్నాను. ఒక సీసాకి పాతదే ఉంచుతాను పోల్చుకోవడానికి, పక్కన ప్లాస్టిక్ సీసా ఎలాగూ ఉంటుంది. టీ ఆకు కూడా మార్చి మల్లెపూల గ్రీన్ టీ వేద్దామనుకున్నా గానీ, వాషర్ల సంగతి తేలేదాకా ఆకు జోలికి పోను. అప్పుడూ కుదరకపోతే 5 లీటర్ల చిన్న కెగ్ చూసిపెట్టాను.