బ్రహ్మంసాగర్ రోహులతో నా పీహెచ్‌డీ

కడపలో జువాలజీ పీజీ అయ్యాక పీహెచ్‌డీలో చేరాను. కోర్సు వర్క్‌లో రీసెర్చ్ మెథడాలజీ, ఎథిక్స్ పేపర్లు చదివి రాసేవే కాబట్టి ఇబ్బంది పడలేదు. అసలు పని బ్రహ్మంసాగర్ జలాశయం గట్టు మీద మొదలైంది. వెలుగోడు నుంచి తెలుగుగంగ కాలువలో వచ్చే ఆ నీళ్లలో వదిలిన రోహు పిల్లలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో తేల్చాలి.

ముందురోజే బ్రహ్మంగారిమఠం చేరి, తెల్లారేసరికి గట్టు మీద ఉండేదాన్ని. జాలర్ల పుట్టి (గుండ్రటి చిన్న పడవ) ఒడ్డుకు రాగానే చేపలు వ్యాపారి చేతికి పోతాయి. ఆ లోపే పొడవు, బరువు రాసుకుని, వీపు రెక్క కింద నాలుగైదు పొలుసులు తీయాలి. పొలుసు మీది వలయాలను బట్టి వయసు అంచనా వేస్తారు. మన వేడి ప్రాంతాల్లో అవి ఒక్కోసారి స్పష్టంగా పడవు, అందుకే పొడవుల లెక్క కూడా ముఖ్యం. మొదట్లో కొన్నిటిని తోక చివరి దాకా, కొన్నిటిని తోక మొదలు దాకా కొలిచాను. రెండు నెలల నోట్స్ పక్కన పడేయాల్సి వచ్చింది. చాలా ఏడ్చాను.

ఎనిమిది నెలలకు గ్రాఫ్ గీస్తే 30 సెంటీమీటర్ల లోపు చేప ఒక్కటీ లేదు. వదిలిన పిల్లలు బతకడం లేదని రిపోర్టులో రాసేశాను. రివ్యూకు వారం ముందు, ఎప్పుడూ చేపలు చూపించే జాలరి పెదనాయనకు ఆ మాట చెప్పాను. ఆయన వల ఎత్తి, దాని కన్నులో (దారాల మధ్య సందులో) నాలుగు వేళ్లు దూర్చి చూపించాడు.

"ఈ కన్నులో సన్న చేప యాడ నిలుస్తాదమ్మా? దూరి పోతాది. నువ్వు రాసుకుండేవి నా వలలో పడిండేవే కదా."

తల దూరి మొప్పల దగ్గర ఇరుక్కున్న చేపే ఆ వలకు చిక్కుతుంది. సన్నది జారిపోతుంది, మరీ పెద్దదాని తల దూరదు. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠమే. గట్టు మీద మాత్రం గుర్తుకే రాలేదు.

గైడ్‌కు చెప్పి రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. రకరకాల కన్నుల వలలు కావాలన్నారు. సన్నకన్ను వలతో పిల్ల చేపలు చచ్చిపోతాయి కాబట్టి దానికి ప్రత్యేకంగా అనుమతి అడగాలి. ఆ కాగితం చేతికొచ్చేసరికి మూడు నెలలు పట్టింది, ఆ టెన్షన్‌లో సరిగ్గా నిద్ర కూడా లేదు.

ఇప్పుడు నా డేటా షీటులో మొదటి కాలమ్ వలకన్ను సైజు. పోయిన నెల సన్నకన్ను వలలో 14 సెంటీమీటర్ల రోహు పడింది. ప్రాణంతో ఉంది. గబగబా కొలిచి, పుట్టి మీద నుంచే నీళ్లలో వదిలేశాను.