వార్డులో తీసిన పాఠాలు

బెంగళూరు ఆసుపత్రుల్లో హౌస్‌కీపింగ్ పనికి హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. వారితో కలిసి పనిచేసేవారిలో కొందరిది కన్నడం, కొందరిది ఒడియా; పని పురమాయించే నర్సు చాలాసార్లు మలయాళీ. అలాంటి ఆసుపత్రిలో శిక్షణ బాధ్యత చూస్తున్న నాకు, బయట కొని తెచ్చిన వీడియో ఎంత అందంగా ఉన్నా, మా వార్డులోనే మా ఆయమ్మల చేతులు చూపిస్తూ తీసిన మూడు నిమిషాల వీడియోకు సాటి రాదని నమ్మకం కుదిరింది.

2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాలనే తీసుకోండి. రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలోకి, సెలైన్ గొట్టాలు, గ్లవ్స్ ఎరుపులోకి, సూదులు గుచ్చుకుపోని తెల్లని డబ్బాలోకి, గాజు సీసాలు నీలం పెట్టెలోకి వెళ్లాలని గోడమీది పట్టిక చెబుతుంది. కానీ డ్రెస్సింగ్ ట్రేలో ఇవన్నీ కలిసి పడి ఉన్నప్పుడు ముందు దేన్ని తీయాలో పట్టిక చెప్పదు. ముందు సూదిని, మూత తిరిగి పెట్టకుండా, వేరుచేయడం కళ్లారా చూపించాలి. కెమెరాను ఎదురుగా పెడితే కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక, పనిచేసే మనిషి భుజం వెనుక నుంచి తీయడమే మేలు.

చేతులు కడుక్కునే పాఠంలో మాత్రం ఒక్క క్షణం కూడా కత్తిరించకూడదని నేను పట్టుబడతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ శానిటైజర్‌తో రుద్దుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు, సబ్బుతో మొదలుపెట్టి తుడుచుకునేదాకా 40 నుంచి 60 సెకన్లు పడుతుందని చెబుతోంది. ఎడిటింగ్‌లో దాన్ని పది సెకన్లకు కుదిస్తే, చూసేవారు నేర్చుకునేది ఆ పది సెకన్లే.

వార్డులో ఏసీ హోరు, మానిటర్ల మోత ఎలాగూ ఉంటాయి. అందుకే మాటలను విడిగా, మడతపెట్టిన దుప్పట్ల మధ్య లినెన్ గదిలో రికార్డు చేస్తాం. అక్కడ ప్రతిధ్వని ఉండదు. బొమ్మ ఒకటే, గొంతులు మాత్రం తెలుగు, కన్నడం, తమిళం, హిందీల్లో వేరువేరు. తెలుగు గొంతు పుస్తక భాషలో కాక, అనంతపురం మనిషి పక్కన నిలబడి చెప్పినట్టు ఉండాలి. చదవడం రానివారూ చూస్తారు కాబట్టి తెరమీది అక్షరాల మీద ఆధారపడలేం.

రోగులెవరూ కెమెరాలో పడకుండా ఖాళీ మంచం దగ్గరే తీసినా, మానిటర్ తెరపైనో, మందుల ట్రే చీటీపైనో, వెనకాల బోర్డుపైనో ఎవరిదో పేరు మిగిలిపోతుంది. ప్రతి షాట్‌నూ ఆపి ఆపి వెతకాల్సిందే.

వీడియో చూశామని రిజిస్టరులో సంతకం పెట్టించుకోవడంతో శిక్షణ పూర్తయినట్టు నేను ఒప్పుకోను. చూసినవారు ఇన్‌ఛార్జి సిస్టర్ ముందు ఆ పనిని ఒకసారి చేసి చూపాలి. సూది గుచ్చుకున్నప్పటి పాఠాన్ని మాత్రం నర్సింగ్ స్టేషన్‌లోనే క్యూఆర్ కోడ్‌గా అతికించాం. సూది గుచ్చుకున్న చోటును పిండకుండా సబ్బు, పారే నీళ్లతో కడగాలి, వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పాలి. హెచ్‌ఐవీ నివారణ మందు అవసరమైతే వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకముందే మొదలుపెట్టాలి గనుక, రాత్రి డ్యూటీలో ఉన్న కొత్త మనిషికి కూడా ఆ పాఠం అప్పటికప్పుడు అందాలి.