బల్ల మీద గిగాంట్

ఆదివారం. ఉదయం నుంచి ముసురు.

బజారు పని మానుకుని, నెల రోజులుగా మా భోజనాల బల్లను ఆక్రమించిన ఎమ్‌ఈ 323 గిగాంట్ అనే రెండో ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ రవాణా విమానం నమూనాకు చక్రాలు అతికించడానికి కూర్చున్నాను. అసలు విమానం రెక్క కొస నుంచి రెక్క కొసకు 55 మీటర్లు ఉండేది. అందులో 72వ వంతుకు కుదించినా ఈ ప్లాస్టిక్ బొమ్మ 76 సెంటీమీటర్లు వచ్చింది కనుక, పప్పు గిన్నె ఎక్కడ పెట్టమంటారని మా ఆవిడ అడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేకపోయింది.

చక్రాలు పక్కకు ఐదు చొప్పున పది. వాటి అంచులు గీకి నునుపు చేస్తూండగా, ఈ విమానం కథంతా ఈ చక్రాలలోనే ఉందనిపించింది. దీనికి ముందున్న ఎమ్‌ఈ 321 గ్లైడరుకు, అంటే ఇంజను లేని విమానానికి, ఇలాంటివి లేవు. ఇంగ్లండు మీద దండయాత్ర తలపెట్టిన జర్మన్లు, బరువైన ఆయుధాలను ఒక్కసారి అవతలి ఒడ్డున దింపితే చాలుననుకుని 1940లో తలపెట్టిన గ్లైడరు అది. గాలిలోకి లేచాక చక్రాల బండిని జారవిడిచి, దిగేటప్పుడు పొట్ట కింది బద్దల మీద జారుతూ ఆగేది. 1941 ఫిబ్రవరి 25న జర్మనీలోని లైప్‌హైమ్‌లో తొలిసారి ఎగిరింది. ఎగరడం కన్నా దాన్ని లాగడమే పెద్ద తంటా అయింది. మూడు బిఎఫ్ 110 విమానాలు మూడు మోకులతో ఒకే గ్లైడరును లాగేవి, వాటిలో ఏ ఒక్కటి తడబడినా నాలుగింటికీ ముప్పే. చివరికి రెండు హైంకెల్ 111 విమానాలను పక్కపక్కన కలిపి, ఐదో ఇంజనును కూడా తగిలించి లాగించారు. ఇంత అవస్థ పడేకన్నా గ్లైడరుకే ఇంజన్లు పెట్టడం మేలని తోచి, ఫ్రెంచివారి నోమ్-రోన్ ఇంజన్లు ఆరు బిగించారు.

తిరిగి రాగల విమానమైతే దొరికింది గానీ, 20 టన్నులకు పైగా మోసిన గ్లైడరు కాస్తా ఇంజన్లూ ఇంధనమూ చక్రాల బరువు మీద పడేసరికి పది పన్నెండు టన్నుల దగ్గర ఆగిపోయింది. ఇల్లు కట్టుకున్నాక వాయిదాలకే జీతం సరిపోయే మా బోటి వాళ్ళకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

ముక్కు మాత్రం ముచ్చటగా ఉంటుంది. పెంకుటింటి వీధి తలుపుల్లా రెండు రెక్కలుగా తెరుచుకుంటే, లారీ నేరుగా లోపలికి వెళ్ళిపోయేదట. ఉక్కు గొట్టాల చట్రం మీద కర్రా గుడ్డా తొడిగిన ఒళ్ళు అది. గుడ్డ బిగిసినచోట తేలే గీతలను బొమ్మలో కూడా పోతపోశారు, వేలు పెట్టి నిమిరితే తగులుతాయి. ఎడమ రెక్క మీద ఆ గీతలను నా జిగురు వేలిముద్ర చెరిపేసింది.

ఆ గుడ్డ ఒంటితోనే ఈ విమానాలు ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియాకు, అక్కడి జర్మన్ సేనల కోసం పెట్రోలు మోశాయి. గంటకు 220 కిలోమీటర్ల దరిదాపుల్లో, నీటికి కాస్త ఎత్తున గుంపుగా పోయే వాటిని వేటాడటం కష్టమేమీ కాదు. 1943 ఏప్రిల్ 22న ట్యునీషియా కొసన ఉన్న కాప్ బాన్ దగ్గర బ్రిటిషు, దక్షిణాఫ్రికా యుద్ధవిమానాలు మీద పడితే, ఆనాటి గుంపులో చాలా భాగం మండుతూ సముద్రంలో కూలిపోయింది. దాదాపు 200 తయారైనా నేడు పూర్తి విమానం ఒక్కటీ లేదు. 2012లో ఇటలీ ద్వీపం సార్డీనియా దగ్గర సముద్రం అడుగున ఒకదాని శిథిలం దొరికింది.

ఇంజన్లను కనిపెట్టి ఉండటానికి ఇద్దరు ఇంజనీర్లు రెక్కల్లోనే, ఇంజన్ల నడుమ చిన్న గదుల్లో కూర్చునేవారు. ఎడమ గది కిటికీ, కందిబద్దంత పారదర్శకపు ముక్క, సాయంత్రం పట్టకారు నుంచి ఎగిరి ఎక్కడో పడింది. దీపం పట్టుకుని బల్ల కిందంతా వెతికినా దొరకలేదు. రేపు పొద్దున పనిమనిషి చీపురు పట్టేలోగా ఆ విషయం చెప్పాలి.